ఆరుబయట పోర్ట్రెయిట్లు: ఎక్స్‌పోజర్, బ్యాక్‌గ్రౌండ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో బయట ఫొటోలు తీసేవాళ్ళ తిప్పలు పైకి రకరకాలుగా కనిపిస్తాయి. ఒకరికి ముఖం నల్లబడుతుంది. ఇంకొకరికి ఆకాశం పాలిపోతుంది. మరొకరికి వెనక అంతా గజిబిజి. చాలావరకు వీటికి మూలం ఒక్కటే: ముఖం మీది వెలుతురుకీ వెనక ఉన్న వెలుతురుకీ పొంతన కుదరకపోవడం. అందుకే కింది జవాబుల్లో సెట్టింగ్‌ల కంటే ముందు "మనిషిని అటు జరపండి, ఇటు తిప్పండి" అన్న మాటే ఎక్కువసార్లు వస్తుంది. జరపడానికి పైసా ఖర్చు లేదు కూడా.

వెనక ఆకాశం బాగా వస్తే ముఖం నల్లగా వస్తోంది. ముఖం సరిచేస్తే ఆకాశం తెల్లగా పోతోంది. రెండూ ఒకే ఫొటోలో రావా?

వస్తాయి, కాకపోతే రెండింటి మధ్య తేడా కెమెరా తట్టుకునేంతలో ఉండాలి. వెలుతురును స్టాప్‌లలో లెక్కేస్తారు. ఒక్కో స్టాప్ పెరిగితే వెలుతురు రెట్టింపు. ఎదురెండలో, అంటే సూర్యుడు మనిషి వెనక ఉన్నప్పుడు, ముఖం కంటే ఆకాశం నాలుగు స్టాప్‌లు ఎక్కువుందనుకోండి, అది 16 రెట్లు. చూపు ఆకాశం మీంచి ముఖం మీదకి మారేలోపే కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనకి పెద్దగా తెలియదు. కెమెరాకి ఆ వెసులుబాటు లేదు, ఫ్రేమ్ మొత్తానికీ ఒకే ఎక్స్‌పోజర్ (లోపలికి తీసుకునే వెలుతురు మోతాదు) పెట్టాలి.

ముఖం మీద వెలుతురు పెంచవచ్చు, వెనక వెలుతురు తక్కువున్న చోటు వెతకవచ్చు, లేదా దిక్కు మార్చవచ్చు. ఈ మూడోది చాలామందికి తట్టదు. హుస్సేన్ సాగర్‌నే తీసుకోండి. ట్యాంక్ బండ్ చెరువుకి తూర్పు గట్టు. సాయంత్రం అక్కడ మనిషిని నిలబెట్టి, వెనక నీళ్ళు వచ్చేలా తీస్తే సూర్యుడు నేరుగా లెన్స్‌లోకి కొడతాడు. అదే సాయంత్రం పడమటి వైపున్న నెక్లెస్ రోడ్డుకి వెళ్ళి, చెరువు వెనక వచ్చేలా నిలబెడితే నీరెండ ముఖం మీద పడుతుంది, నీళ్ళూ ఆకాశమూ నిండు రంగుతో వస్తాయి. పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. సిల్హౌట్ (నల్లటి నీడబొమ్మ) కావాలంటే మాత్రం సాయంత్రం ట్యాంక్ బండే మేలు.

కెమెరా ఆటో మోడ్‌లోనే తీస్తాను. తెల్ల పంచె కట్టుకున్న పెళ్ళికొడుకు ముఖం ఎందుకు డల్‌గా వస్తుంది?

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి పంచె తెలియదు, పెళ్ళికొడుకూ తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపితే మధ్యరకం బూడిద రంగంత వెలుతురు రావాలన్నదే దాని లెక్క. తెల్ల పంచె, తెల్ల చొక్కా, వెనక సున్నం గోడ కలిసేసరికి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాంతో ముఖం మసకబారుతుంది. నల్ల షేర్వాణీ వేసుకుంటే ఇందుకు రివర్స్: వెలుతురు పెంచేసి ముఖాన్ని బర్న్ చేస్తుంది. తెల్ల బట్టలకి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కని మనం స్టాప్‌లలో పెంచే, తగ్గించే సెట్టింగ్) +0.7 నుంచి +1 దాకా, నల్ల బట్టలకి −0.7 దగ్గర మొదలుపెట్టి చూడండి.

ముఖం మీదే స్పాట్ మీటరింగ్ (ఒక్క చిన్న చోటే వెలుతురు కొలవడం) పెడితే సరిపోదా అంటారు. సగమే నిజం. నల్లటి ముఖాన్ని కూడా కెమెరా ఆ బూడిద రంగు దాకా లాగుతుంది, అంటే ఉన్నదానికంటే తెల్లగా చేస్తుంది. అలాంటప్పుడు అరస్టాప్ నుంచి ఒక స్టాప్ దాకా తగ్గించాలి. బాగా తెల్లటి ముఖానికి పెంచాలి.

ఇంతకంటే నమ్మకమైన పద్ధతి అరచేయి. మనుషుల ఒంటి రంగులో ఎంత తేడా ఉన్నా అరచేతుల రంగులో అంత తేడా ఉండదు. అది ఇంచుమించు ఆ బూడిద కంటే ఒక స్టాప్ ఎక్కువ. మాన్యువల్ మోడ్‌లో, ముఖం మీద ఏ వెలుతురు పడుతోందో అదే వెలుతురులో మీ అరచేతిని అదే దిక్కుకి చూపించి, దాని మీద స్పాట్ మీటర్ పెట్టి, సూచిక +1 దగ్గర నిలిచేలా షటర్ స్పీడ్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) సర్దండి. ఇక పంచె అయినా, షేర్వాణీ అయినా, వెనక గోడ మారినా ఆ సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. వెలుతురు మారితేనే మళ్ళీ చూసుకోవాలి.

ఎండలో కెమెరా స్క్రీన్ మీద ఏమీ తెలియడం లేదు. సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి?

ఎండలో స్క్రీన్ మీద ఏ ఫొటో అయినా చీకటిగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి ఎక్స్‌పోజర్ పెంచితే ఇంటికెళ్ళాక ముఖాలన్నీ కాలిపోయి ఉంటాయి. హిస్టోగ్రామ్ చూడండి, ఫొటోలో చీకటి నుంచి వెలుతురు దాకా ఏది ఎంతుందో ఎడమ నుంచి కుడికి చూపించే గ్రాఫ్ అది. గీత కుడి గోడకి అతుక్కుపోతే అక్కడ వివరం పోయినట్టే. హైలైట్ అలర్ట్ ఆన్ చేస్తే పోయిన చోటు మిణుకుమిణుకుమంటుంది. పట్టుచీర జరీ అంచు మీదో, ముక్కుపుడక మీదో చిన్న చుక్కలా మిణుకుతే ఫర్వాలేదు, అవి మెరిసేవే. నుదుటి మీద, చెంప మీద మిణుకుతుంటే మాత్రం తగ్గించాలి.

ఎర్ర పట్టుచీరలు, బంతిపూల దండలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. మామూలు హిస్టోగ్రామ్‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎరుపు ఛానల్ ఒక్కటే నిండిపోయి చీర మడతలు ఒకే ముద్దగా వస్తాయి. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుంటే ఇది దొరుకుతుంది.

మే నెలలో చెమటకి మెరిసే నుదురు కూడా బర్న్ అయినట్టే వస్తుంది. దానికి సెట్టింగ్ లేదు, టిష్యూ పేపరే.

ముహూర్తం పొద్దున 11 దాటాకే ఉంటుంది, ఫొటోలు మిట్టమధ్యాహ్నం తీయాల్సి వస్తుంది. ఏం చేయాలి?

హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం పైచిలుకులో ఉంది. మే రెండో వారం మొదట్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడే పడదు. పెళ్ళిళ్ళ సీజన్ వేసవిలో ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అంత పైనుంచి పడే ఎండలో కళ్ళగుంటలు నల్లబడతాయి, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది, మనిషి కళ్ళు చికిలిస్తాడు. ఆ ఎండలో నిలబెట్టి ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా అందం రాదు. ముందు నీడలోకి తీసుకెళ్ళండి.

ఏ నీడ అన్నదే ముఖ్యం. ఫంక్షన్ హాల్ పోర్టికో, పాత ఇంటి వసారా, కుతుబ్ షాహీ సమాధుల కమాను, ఏదైనా సరే, లోపలికి మరీ పోకుండా నీడ అంచుకి ఒక అడుగు లోపల నిలబెట్టి ముఖం బయటికి తిప్పండి. పైకప్పు నడినెత్తి ఎండని ఆపుతుంది, ఎదురుగా ఉన్న ఆకాశం ముఖాన్ని మెత్తగా వెలిగిస్తుంది. ముందున్న నేల లేతరంగు బండలో, సిమెంటు గచ్చో అయితే ఇంకా మంచిది. దాని మీద పడ్డ ఎండ కిందినుంచి లేచి కళ్ళగుంటల్ని నింపుతుంది. పచ్చిక ఉంటే అదే వెలుతురు గడ్డం కింద ఆకుపచ్చగా అంటుకుంటుంది. ఎర్రమన్ను అయితే ఎర్రగా.

ఇక్కడే బ్యాక్‌గ్రౌండ్ చిక్కు వస్తుంది. ఎండకీ ఇలాంటి నీడకీ మూడు, నాలుగు స్టాప్‌ల తేడా ఉంటుంది. మనిషి నీడలో ఉండి, వెనక ఎండలో మెరిసే రోడ్డు కనిపిస్తే అది తెల్లగా కాలిపోతుంది. కాబట్టి వెనక కనిపించేది కూడా నీడలోనే ఉండాలి: కమాను లోపలి చీకటి, వసారా చివరి తలుపు, గుబురు చెట్ల లోపలి భాగం. ముఖం కంటే వెనక భాగం ఒక స్టాప్ తక్కువుంటే చూపు దానంతటదే ముఖం మీదకి వెళ్తుంది.

చెట్టు నీడలో తీస్తే ముఖం నిండా మచ్చలు పడుతున్నాయి?

వేప, చింత లాంటి సన్నాకు చెట్ల కింద ఎండ జల్లెడ పట్టినట్టు పడుతుంది. మర్రి, మామిడి లాంటి దట్టమైన చెట్టు చూసుకోండి, లేదా కొమ్మల అంచుకి జరిగి ముఖం బయటికి తిప్పండి. కుదరకపోతే ముఖానికీ ఎండకీ మధ్య తెల్లటి పల్చని గుడ్డ పట్టించండి. సినిమా షూటింగుల్లో దీన్నే స్కిమ్మర్ అంటారు, ఇంట్లో పల్చటి తెల్ల దుప్పటీ అదే పని చేస్తుంది. మచ్చల్ని ఎడిటింగ్‌లో తీసేద్దామనుకోవద్దు, గంటలు పడుతుంది, చివరికి చర్మం ప్లాస్టిక్‌లా తేలుతుంది.

రిఫ్లెక్టర్ కొనాలా? థర్మోకోల్ షీట్ చాలదా?

ఒక్క మనిషి నడుము దాకా తీసే ఫొటోకి థర్మోకోల్ బ్రహ్మాండంగా సరిపోతుంది. పైగా దాని వెలుతురు వెండి రిఫ్లెక్టర్ కంటే మెత్తగా ఉంటుంది. గాలి వేస్తే విరిగిపోవడం ఒక్కటే ఇబ్బంది. మడతపెట్టే ఫైవ్ ఇన్ వన్ రిఫ్లెక్టర్‌లో తెలుపు, వెండి, బంగారు, నలుపు ముఖాలు, లోపల వెలుతురు దూరే తెల్లగుడ్డ ఉంటాయి. బంగారు ముఖం మన చామనఛాయ మీద పసుపు రాసినట్టు కొడుతుంది, పెద్దగా వాడకపోవడమే మంచిది. వెండిది ఎండలో నేరుగా ముఖానికి పెడితే పాపం ఎదుటివాళ్ళు కళ్ళు తెరవలేరు.

పట్టుకునే తీరు కూడా తెలియాలి. కింద నేల మీద పెట్టి పైకి కొట్టిస్తే వెలుతురు గడ్డం కిందనుంచి వచ్చి దెయ్యం సినిమా అవుతుంది. ఛాతీ ఎత్తులో, కాస్త పక్కనుంచి పట్టుకోవాలి. ముఖానికి ఎంత దగ్గరైతే అంత బలం. ఫ్రేమ్‌లోకి రానంత దగ్గరగా తేవచ్చు. కంట్లో చిన్న తెల్లటి మెరుపు కనిపించిందంటే సరైన చోట ఉన్నట్టు.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ తరంలో పోర్ట్రెయిట్లకి ఆధారం పగటి వెలుతురే. తెరలు లాగుతూ, తెల్ల గుడ్డలు అడ్డం పెడుతూ దాన్ని అదుపు చేసేవారు. ఇవాళ బాల్కనీ కర్టెన్ పక్కన అమ్మమ్మని కూర్చోబెట్టి తీసేదీ ఆ పద్ధతే.

పగటిపూట ఫ్లాష్ ఎందుకు? పెట్టినా పని చేయడం లేదు కదా.

ఎదురెండలో ముఖం నింపడానికి. పని చేయకపోవడానికి కారణం లెక్కలో ఉంది. ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం ఒకటుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది, ఐఎస్ఓ అంకె పెరిగేకొద్దీ ఫొటోలో వెలుతురు పెరుగుతుంది): నిండు ఎండలో ఎఫ్ 16 పెడితే షటర్ స్పీడ్ ఐఎస్ఓ అంకెకి సమానం. అంటే ఐఎస్ఓ 100 దగ్గర సుమారు 1/100 సెకను. చాలా కెమెరాల్లో ఫ్లాష్‌తో వాడగల షటర్ 1/200 లేదా 1/250 దగ్గర ఆగిపోతుంది. 1/200 దగ్గర ఎఫ్ 11 పెట్టక తప్పదు. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ గైడ్ నంబర్ (దాని బలం చెప్పే అంకె) 12 అనుకుంటే, 12ని 11తో భాగించండి. ఒక మీటరు పైచిలుకు దూరం వరకే దానికి పూర్తి బలం. మీరు మూడు మీటర్ల దూరంలో నిలబడితే అది వెలిగినట్టు కూడా తెలియదు.

విడి ఫ్లాష్ ఉంటే ఎఫ్ 11తో తీయవచ్చు, కానీ వెనక అంతా స్పష్టంగా వచ్చేస్తుంది. బ్లర్ కావాలంటే హై స్పీడ్ సింక్ (ఇంకా వేగమైన షటర్‌తోనూ ఫ్లాష్ వెలిగే పద్ధతి) వాడాలి, అందులో ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది. లేదంటే మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే ముదురు అద్దం) లెన్స్‌కి బిగిస్తే ఎఫ్ 11 కాస్తా ఎఫ్ 4 అవుతుంది. ఏది చేసినా ఫ్లాష్ కాంపెన్సేషన్ −1 నుంచి −2 మధ్య ఉంచండి. ఫ్లాష్ కొట్టినట్టు తెలియకూడదు.

ఫ్లాష్ లేకపోయినా ఈ సూత్రంతో ఒక విషయం తేలుతుంది. నిండు ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 1.8 పెడితే షటర్ ఇంచుమించు 1/8000 కావాలి. చిన్న కెమెరాల్లో చాలావాటికి 1/4000 దాకానే ఉంటుంది, దాంతో ఫొటో తెల్లగా కాలిపోతుంది. లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి పోనక్కర్లేదు, ఎఫ్ 2.8 పెడితే చాలు.

గోల్డెన్ అవర్ అంటారు కదా, హైదరాబాద్‌లో ఎన్ని గంటలకి?

సూర్యాస్తమయానికి ముందు వచ్చే ఆ బంగారు వెలుతురు మన దగ్గర గంట ఉండదు. సూర్యుడు ఇక్కడ నిటారుగా దిగుతాడు. ఆకాశంలో 6 డిగ్రీల ఎత్తు నుంచి అంచు చేరడానికి 25 నుంచి 30 నిమిషాలు. ఆపైన వెలుగు మరో 22, 23 నిమిషాలు నిలుస్తుంది. డిసెంబర్ మొదట్లో 5:40 ప్రాంతంలో, జూన్ చివర్లో 6:50 దాటాక అస్తమిస్తుంది. గచ్చిబౌలి వైపు టవర్లు, ఖాజాగూడ వైపు గుట్టలు అడ్డం వస్తే ఇంకా ముందే ఎండ పోతుంది. కాబట్టి మేకప్, చీర కుచ్చిళ్ళు, టచప్ అన్నీ అస్తమయానికి గంట ముందే అయిపోవాలి. "వస్తున్నాం, దారిలో ఉన్నాం" అన్నారంటే ఆ రోజు నీరెండ పోయినట్టే అనుకుని, సంధ్య వెలుగుకి ప్లాన్ మార్చుకోండి.

ఆ కాసేపట్లో సూర్యుణ్ణి మనిషి వెనక పక్కగా పెడితే జుట్టు అంచు బంగారు గీతలా మెరుస్తుంది. లెన్స్‌కి హుడ్ బిగించండి. లేదా పక్కవాళ్ళ చేత్తో లెన్స్ మీద నీడ పట్టించండి, ఫొటో పాలిపోకుండా ఉంటుంది.

మబ్బు పట్టిన రోజు ఫొటోలు చప్పగా వస్తున్నాయి.

బోనాల సీజన్ అంతా ఇదే ఫిర్యాదు. నిజానికి ముఖానికి మబ్బు వెలుతురు చాలా మంచిది, చెడిపోయేది ఆకాశమే. దాన్ని ఫ్రేమ్‌లోంచి తీసేయండి. కాస్త ఎత్తు నుంచి కిందికి తీయండి, లేదా గోడ, చెట్లు, రాతిబండ వెనక వచ్చేలా చూసుకోండి. పసుపు, కుంకుమ, ఎర్రచీర లాంటి గట్టి రంగులు ఈ వెలుతురులో ఎండలో కంటే నిండుగా వస్తాయి. గడ్డం కొంచెం పైకెత్తమని చెప్పండి, కళ్ళలోకి వెలుతురు పడుతుంది. వైట్ బ్యాలెన్స్ (ఫొటో రంగుల ఛాయ సరిచేసే సెట్టింగ్) ఆటోలో వదలకుండా క్లౌడీలో పెట్టేయండి.

నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్సే ఉంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ రావాలంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనాల్సిందేనా?

కొంటే మంచిదే. అయితే ముందు బ్లర్ ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ మీద ఎంఎంలో రాసే అంకె) ఎఫ్ అంకెతో భాగిస్తే లెన్స్ రంధ్రం ఎంతో తెలుస్తుంది. కిట్ లెన్స్ 18 ఎంఎం, ఎఫ్ 3.5 దగ్గర 5 మిల్లీమీటర్లు. అదే లెన్స్ 55 ఎంఎం, ఎఫ్ 5.6 దగ్గర దాదాపు 10. 50 ఎంఎం ఎఫ్ 1.8కి 28. చాలా దూరంలో ఉన్న దీపం చుక్క, ఫొటోలోని మనిషి ముఖం పక్కన పెట్టి కొలిస్తే, ఇంచుమించు ఆ రంధ్రమంత వెడల్పు గుండ్రంగా విచ్చుకుంటుంది. కిట్ లెన్స్‌తో బొట్టుబిళ్ళంత, 50తో పెద్ద రూపాయి నాణెం కంటే కాస్త ఎక్కువ. కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి "ఎఫ్ అంకె చిన్నగానే ఉంది కదా, బ్లర్ ఎందుకు రాలేదు" అనేవాళ్ళకి జవాబు ఇందులోనే ఉంది. 55కి జూమ్ చేసి దగ్గరికి వెళ్ళండి.

అది వెనక బాగా దూరంగా ఉన్నప్పటి మాట. వెనక గోడ దగ్గరుంటే ఆ బ్లర్ అంతా దక్కదు. కెమెరా నుంచి మనిషి 2 మీటర్లు, మనిషి నుంచి గోడ మరో 2 మీటర్లు అయితే సగమే దక్కుతుంది. గోడ అరమీటరు వెనకే ఉంటే ఐదో వంతు. 18 మీటర్ల వెనకుంటే పదింట తొమ్మిది వంతులు. గోడకి ఆనించి నిలబెట్టి బ్లర్ రాలేదంటే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. మనిషిని ముందుకి పిలవండి.

ఇంకో సంగతి. చాలామంది కెమెరాతో పాటు సెట్‌లో వచ్చిన 55-250 లెన్స్‌ని బీరువాలో పడేస్తారు. 250 ఎంఎం, ఎఫ్ 5.6 దగ్గర దాని రంధ్రం దాదాపు 45 మిల్లీమీటర్లు, 50 ఎంఎం కంటే ఎక్కువే! కాకపోతే నడుము దాకా తీయాలన్నా పది మీటర్లు వెనక్కి వెళ్ళాలి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందున్న లాంటి ఖాళీ స్థలంలో, వెనక ముప్పై మీటర్ల దూరం ఉన్నప్పుడు ఆ లెన్స్ 50ని ఓడిస్తుంది. పాతబస్తీ గల్లీలో, వెనక రెండు మీటర్లలోనే తలుపు ఉన్నప్పుడు 50 గెలుస్తుంది. చోటును బట్టి లెన్స్ తీయండి.

ఎఫ్ 1.8తో తీస్తే ఒక కన్ను షార్ప్, ఇంకోటి బ్లర్. లెన్స్ లోపమా?

లోపం కాదు. చిన్న సెన్సర్ (క్రాప్ సెన్సర్) ఉన్న మామూలు కెమెరాలో 50 ఎంఎం, ఎఫ్ 1.8తో 2 మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే మందం మొత్తం 10 సెంటీమీటర్ల చిల్లరే. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఇంకా పల్చబడుతుంది. ముఖం పక్కకి తిప్పితే ఎఫ్ 2.8 పెట్టండి, కెమెరాకి దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయండి. మెట్ల మీద రెండు వరసల కుటుంబం అయితే ఎఫ్ 5.6 నుంచి 8. అందర్నీ ఒకే నీడలో నిలబెట్టండి, ఒక్క బాబాయి ఎండలో మిగిలిపోయినా ఫొటో మొత్తం ఆయనదే అవుతుంది.

బ్లర్ వచ్చినా బ్యాక్‌గ్రౌండ్ గజిబిజిగానే ఉంటోంది. ఎందుకు?

బ్లర్ అంచుల్ని కరిగిస్తుంది, వెలుతురునీ రంగునీ ఏమీ చేయదు. వెనక ఫ్లెక్సీ ఉంటే అది ఎర్రటి, పసుపు ముద్దగా మారి ఇంకా లాగుతుంది. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపిస్తే తెల్ల చుక్కలు తల చుట్టూ చేరతాయి. అందుకే కెమెరా ఎత్తే ముందు కళ్ళు సగం మూసి చూడండి. అన్నింటికంటే మెరుస్తున్నది ముఖమేనా? కాకపోతే రెండడుగులు పక్కకి.

తర్వాత గీతలు చూడాలి. ట్యాంక్ బండ్ రెయిలింగ్ మెడ దగ్గర కోసుకుపోతుంటే కాస్త కిందికి వంగండి, నడుము దగ్గరికి వస్తుంది. తలలోంచి కరెంటు స్తంభం మొలవకుండా చూసుకోవడం అందరికీ తెలిసిందే, అయినా ఆల్బమ్‌లలో వందసార్లు కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్ చూపు నవ్వు మీదే ఉంటుంది మరి.

హైదరాబాద్‌లో నాకు అన్నింటికంటే నచ్చే బ్యాక్‌గ్రౌండ్ దక్కన్ బండరాయి. బూడిద, లేత గోధుమ కలిసిన రంగు, ఏ చీరతోనూ పోట్లాడదు. ఎండలో మెరిసే వైపు కాకుండా బండ నీడ వైపు నిలబెడితే చాలు. పైగా మాటిమాటికీ ఎవరో ఒకరు వెనకనుంచి నడిచిపోయే బెడదా ఉండదు. చార్మినార్ బ్యాక్‌గ్రౌండ్‌గా కావాలంటే పొద్దున్నే, దుకాణాలు తెరవకముందే వెళ్ళండి. 1591 నాటి కట్టడం మసక ముద్దగా వస్తే ఎక్కడ తీశారో తెలియదు, కాబట్టి అక్కడ ఎఫ్ 5.6, ఎఫ్ 8 వాడాలి. అన్ని ఫొటోలకీ బ్లర్ కొట్టాలన్న రూలేమీ లేదు.

దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లతో రాత్రి ఫొటో తీస్తే ముఖం చీకటి, లేదా బ్రిడ్జి చీకటి.

పూర్తి రాత్రి దాకా ఆగకండి. సూర్యాస్తమయం తర్వాత 10 నుంచి 20 నిమిషాల్లో ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, బ్రిడ్జి లైట్లు వెలిగి ఉంటాయి. ఐఎస్ఓ 800, ఎఫ్ 2.8, 1/60 దగ్గర మొదలుపెట్టి ముందు మనిషి లేకుండా బ్రిడ్జి బాగా వచ్చేదాకా షటర్ సర్దండి. ఆ తర్వాత మనిషిని నిలబెట్టి ఫ్లాష్‌ని తక్కువ బలంతో, కెమెరాకి పక్కగా వేయండి. షటర్ బ్రిడ్జిని చూసుకుంటుంది, ఫ్లాష్ ముఖాన్ని చూసుకుంటుంది. రెండింటినీ విడివిడిగా మార్చుకోవచ్చు. చుట్టూ దీపాలు పసుపుగా ఉంటే ఫ్లాష్ మీద నారింజ రంగు జెల్ (పల్చటి రంగు ప్లాస్టిక్ షీటు) పెట్టండి, వాటి రంగుకి దగ్గరవుతుంది.

ఫ్లాష్ లేదంటే లాడ్ బజార్‌కి వెళ్ళండి. గాజుల దుకాణం ముందు ముఖాన్ని షాపు వైపు తిప్పితే ఆ దీపాలే సరిపోతాయి.

ఫోన్‌తో ఇవన్నీ కుదురుతాయా?

వెలుతురు గురించి చెప్పినవన్నీ కుదురుతాయి. ముందు లెన్స్ తుడవండి, ఎదురెండలో జిడ్డు వేలిముద్రే సగం ఫొటోని పాడుచేస్తుంది. ముఖం మీద నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత వేలితో కిందికి లాగి కొంచెం తగ్గించండి. వైడ్ లెన్స్‌తో దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది, 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టి వెనక్కి రండి.

మెయిన్ కెమెరా రంధ్రం మామూలుగా 3, 4 మిల్లీమీటర్లే కాబట్టి బ్లర్ అంతా సాఫ్ట్‌వేర్ గీసేది. జుంకాల సందుల్లో, రింగుల జుట్టు దగ్గర, జడలో మల్లెపూల అంచున అది తడబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ ముందే సాదాగా ఉంటే ఆ తప్పులు కనిపించవు. పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్లర్ బలాన్ని సగానికి తగ్గించినా చాలా సహజంగా ఉంటుంది.

కళ్ళజోడు ఉన్నవాళ్ళకి?

అద్దాల్లో ఆకాశం కనిపిస్తే గడ్డం కొద్దిగా దించమనండి, లేదా జోడు కాడల్ని చెవుల దగ్గర వెంట్రుకవాసి ఎత్తమనండి. ఎండకి నల్లబడే అద్దాలైతే ఫొటో తీసే నిమిషం వరకు జేబులోనే ఉంచాలి. ఒకసారి నల్లబడ్డాక తేటపడటానికి చాలాసేపు పడుతుంది.

ఎడిటింగ్‌లో ఎంతవరకు సరిచేయవచ్చు?

రా ఫైల్‌లో (కెమెరా సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచే ఫైల్) చీకటి భాగాల్ని రెండు స్టాప్‌ల దాకా లేపవచ్చు, ఆపైన నాయిస్ (గరుకు చుక్కలు) మొదలవుతుంది. పూర్తిగా కాలిపోయిన చోటుని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. అనుమానం ఉంటే కొంచెం తగ్గించే తీయండి. లైట్‌రూమ్‌లో బ్యాక్‌గ్రౌండ్‌ని మాస్క్ చేసి (విడిగా ఎంచుకుని) అరస్టాప్ తగ్గించడం, ఆకుపచ్చల గాఢత కొంచెం దించడం, ఈ రెండూ చాలా ఫొటోలకి చాలు. స్నాప్‌సీడ్‌లో సెలెక్టివ్ టూల్ ముఖం మీద పెట్టి కొద్దిగా పెంచినా అదే ఫలితం. ఎక్కువ లాగితే తల చుట్టూ తెల్లటి వలయం వస్తుంది.

"అన్నా, జర తెల్లగ చెయ్యవా" అన్న మాట రాని పెళ్ళి ఆల్బమ్ ఉండదు. ముఖం మీద వెలుతురు తక్కువైతే పెంచడం న్యాయమే. రంగే మార్చమంటే నేను ఒప్పుకోను. ముఖం ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేయి ఇంకో రంగు అయ్యి, చూసేవాళ్ళకి ఇట్టే దొరికిపోతుంది. మంచి నీడలో, కంట్లో మెరుపుతో తీసిన చామనఛాయ ముఖాన్ని ఒకసారి పెద్ద ప్రింట్‌లో చూపించండి, అడిగినవాళ్ళే మళ్ళీ అడగరు.

గోల్కొండ, చార్మినార్ దగ్గర తీయాలంటే అనుమతి కావాలా?

ఈ రెండూ భారత పురావస్తు సర్వే కింద ఉన్నాయి. చేతిలో కెమెరాతో మామూలు ఫొటోలకి ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి. లైట్ స్టాండ్లు, బట్టలు మార్చుకుంటూ తీసే ప్రీ వెడ్డింగ్ షూట్ అయితే ముందుగానే అడిగి తెలుసుకోండి. కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖ చూసుకుంటుంది, అక్కడి నిబంధనలు వేరు. పార్కుల్లో గేటు గేటుకీ రూలు మారుతుంది. డ్రోన్ ఎక్కడైనా అనుమతి లేకుండా ఎగరేయకండి. థర్మోకోల్ షీట్ చంకలో పెట్టుకుని వెళ్తే మాత్రం సెక్యూరిటీ వాళ్ళు షూటింగా అని తప్పకుండా ఆపుతారు. మడతపెట్టే రిఫ్లెక్టర్ బ్యాగులో పడుతుంది కాబట్టి అలాంటి చోట్లకి అదే తీసుకెళ్ళండి.